విదేశీ కోర్టు తీర్పు మన గడప తొక్కితే



నాకిచ్చిన అంశం ప్రైవేటు అంతర్జాతీయ చట్టం. పేరు విని ఇదేదో ప్రభుత్వాల మధ్య వ్యవహారం అనుకోకండి. నికాహ్ కడపలో, కాపురం దుబాయిలో, తగాదా రెండు చోట్లా ఉంటే ఏ కోర్టు వినాలి? ఏ చట్టం వర్తించాలి? అక్కడి తీర్పు ఇక్కడ చెల్లుతుందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పేదే ఈ చట్టం. గల్ఫ్‌కు బిడ్డలను పంపిన ప్రతి ఇంటికీ దీనితో పని ఉంది.

మొదట డబ్బు సంగతి. 2020 జనవరి 17న కేంద్ర ప్రభుత్వం యు.ఏ.ఇ.ని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద నోటిఫై చేసింది. అంతకు ముందు అక్కడి తీర్పు పట్టుకొని ఇక్కడ కొత్తగా దావా వేయాల్సి వచ్చేది. ఇప్పుడు నోటిఫై అయిన కోర్టుల డిక్రీ సర్టిఫైడ్ నకలుతో నేరుగా జిల్లా కోర్టులోనే అమలు కోరవచ్చు. పన్నులు, జరిమానాలు మాత్రం దీని కిందకు రావు. కనుక అక్కడ బ్యాంకు అప్పు ఎగవేసి ఊరికి వచ్చేస్తే తప్పించుకోవచ్చన్న మాట ఇక నమ్మకండి. అలాగే అక్కడ గెలిచిన బాకీని, బాకీదారుకు ఇక్కడ ఆస్తి ఉంటే, ఇక్కడే రాబట్టుకోవచ్చు.

అయితే పరదేశపు తీర్పు ప్రతిదీ శిరోధార్యం కాదు. 13వ సెక్షన్ ఆరు మినహాయింపులు చెప్పింది. అధికార పరిధి లేని కోర్టు ఇచ్చినది, కేసు మంచిచెడ్డలు విచారించకుండా ఇచ్చినది, సహజ న్యాయానికి విరుద్ధమైనది, మోసంతో తెచ్చుకున్నది వాటిలో కొన్ని.

రెండోది విడాకులు. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక తెలుగు భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. 1991లో వై. నరసింహారావు కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తించలేదు. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం ఉండాలంది. భార్య మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు లోబడి వాదించినా, విడాకులకు సమ్మతించినా అది వేరే సంగతి. నోటీసు అందినంత మాత్రాన లోబడినట్టు కాదు. అది హిందూ దంపతుల కేసే. కానీ 13వ సెక్షన్ అందరిదీ.

మూడోది పిల్లలు. పిల్లల అపహరణపై 1980 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. విదేశీ కోర్టు ఉత్తర్వు ఉన్నా, ఇక్కడి కోర్టు బిడ్డ క్షేమాన్నే ముందు చూస్తుంది.

తల్లులారా, పరదేశం నుంచి నోటీసు వస్తే భయపడి సంతకం పెట్టకండి, బీరువాలో దాచనూవద్దు. నికాహ్‌నామా, మహర్ రశీదు భద్రపరచండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. 1939 చట్టం కింద, భర్త రెండేళ్లు పోషణ చూడకపోతే విడాకులు కోరే హక్కు భార్యకు ఉంది. భర్త ఏ దేశంలో ఉన్నా ఆ హక్కు పోదు.