ఇద్దరు ఉద్యోగులు – రెండు గ్రంథములు

(సంఘము యొక్క సాహిత్యసభలో చేసిన ప్రసంగపాఠము)



నేటి ప్రసంగమునకు విషయము ఒక పాఠకుడు. అతడు ఈ కలకత్తా నగరమున కేంద్రప్రభుత్వ కార్యాలయములో పనిచేయు ఆంధ్రుడు. పేరుతో పనిలేదు; ఈ సభలో పలువురు అతనియందు తమ పోలికలను గుర్తింపగలరు. ఇటీవల అతడు రెండు గ్రంథములు చదివెను. ఒకటి నవల, రెండవది యాత్రాచరిత్ర.

నవల శరత్‌చంద్ర చటోపాధ్యాయుని ‘శ్రీకాంత’. 1917 మొదలు 1933 వరకు నాలుగు భాగములుగా వెలువడినది. పాఠకుడు దీనిని బాల్యమున తెలుగులో చదివియుండెను. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ మొదలగువారి అనువాదముల వలన శరత్‌బాబు మన ఇండ్లలో ఎంతగా కలిసిపోయెననగా, ఆయన తెలుగువాడు కాడని ఎవరో చెప్పినప్పుడు ఆ బాలుడు నమ్మలేదు. నాడు అతనికి నచ్చినది ఇంద్రనాథుని సాహసము, చీకటిరాత్రి గంగపై పడవ. నలువదియేండ్లు దాటిన పిమ్మట మనస్సునకు తగిలినది వేరు: ఒకచోట నిలువలేక సముద్రము దాటి బర్మా చేరిన శ్రీకాంతుని ఒంటరితనము. శరత్‌బాబు స్వయముగా 1903 నుండి 1916 వరకు బర్మాలో నుండి, రంగూనులో లెక్కల కార్యాలయమున పనిచేసినవాడు. పగలు అంకెలు చూచిన కన్నులే రాత్రి మనుష్యుల హృదయములను చూచినవి.

రెండవది ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఈయనయు ఉద్యోగియే, చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీన బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, మరలివచ్చునపుడు కలకత్తా చూచి, జగన్నాథము, గంజాము దారిన 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. మార్గమధ్యమునుండి మిత్రుడగు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపిన దినచర్యయే 1838లో గ్రంథమైనది. ఏ మజిలీకి ఎంత దూరము, నీరెట్టిది, అంగళ్ళలో ఏమి దొరకును, అచ్చటి జనుల ఆచారములెట్టివి — అన్నియు అందున్నవి. చూచినదానిని చూచినట్లు వ్రాయవలెనను శ్రద్ధయే ఆ రచనకు అలంకారము.

ఈ రెండింటిని వెంటవెంట చదువుటలో పాఠకునకు ఒక సిగ్గు కలిగెను. ఈ నగరమున పెక్కేండ్లుగా నివసించుచును, అతడు వంగదేశమును నవలలలో చూచినంతగా వీధులలో చూడలేదు. ట్రాము కిటికీలో కూర్చున్నను అతని కన్నులు శరత్‌బాబు పాత్రలనే వెదకినవి. కొలది దినములు మాత్రమే ఇచ్చట విడిసిన వీరాస్వామయ్యగారు అంతకంటె నిదానించి చూచిరి.

అంతలో మరియొక సంఘటన. క్వార్టర్సులో పొరుగున నుండు వంగీయ మిత్రుడు ఒకనాడు, “మా శరత్‌ను మీరు చదివితిరి. మీ గ్రంథమొకటి మాకియ్యరా?” అనెను. చేతికియ్యదగిన బెంగాలీ ప్రతి పాఠకుని యొద్ద లేకపోయెను. లోపలికి వచ్చి చూడగా, అతని కుమార్తె ‘శ్రీకాంత’ను మూలముననే చదువుచుండెను. ఇచ్చటనే పుట్టి పెరిగిన ఆ బిడ్డకు తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. ఒకే అలమరలోని రెండు పుస్తకములలో ఒకటి ఆమెకు మూతపడియున్నది. ఆ తప్పు ఆమెది కాదని తండ్రి ఎరుగును.

ఆ రాత్రినుండి అతడు ‘కాశీయాత్ర’ను బిగ్గరగా చదువ మొదలిడెను. “మజిలీ అనగా నేమి నాన్నగారూ?” అని ఆమె అడిగెను. “ప్రయాణములో రాత్రికి విడియు చోటమ్మా. మనకు ఈ క్వార్టర్సు వంటిది” అని అతడు నవ్వెను. ఆమె నవ్వలేదు. “నాకు ఇది మజిలీ కాదు, ఊరు” అనెను. అతడు కొంత తడవు పుస్తకము మూసి ఊరకుండెను.

ఇప్పుడు తండ్రి చదివి అర్థము చెప్పును. కుమార్తె దానిని బెంగాలీలో నోటుపుస్తకమున వ్రాయును. పొరుగు మిత్రుడు ఆదివారమునాడు తప్పులు దిద్దును. వ్రాత ముగిసిన పిదప ఆమె తెలుగు అక్షరములు ఒక్కొక్కటిగా కూడబలుకుకొనును. పని మెల్లగా సాగుచున్నది. వీరాస్వామయ్యగారు కలకత్తా చేరుటకు ఇంకను చాల మజిలీలున్నవి.