నీటి కొలతే సేద్యానికి కొలత
(పుదుచ్చేరి, సోలై నగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



పుదుచ్చేరి భారతి పార్కులో తెల్లని ఆయి మండపం ఉన్నది. ఆయి అనే దేవదాసి తన భవనాన్ని తానే పడగొట్టించి, ఆ చోట ప్రజలకోసం చెరువు తవ్వించినదని ఐతిహ్యం. అంతకు ముందు ఆ భవనాన్ని దేవాలయమని భ్రమించి చేతులు జోడించినవారు శ్రీకృష్ణదేవరాయలని కథ. తరువాతి కాలంలో, మూడవ నెపోలియన్ హయాములో, ఫ్రెంచివారు ఆమె పేర మండపం కట్టించారు. దాహానికి భాషాభేదం లేదు.

సముద్రపుటొడ్డున కూర్చొని మెట్టసేద్యాన్ని గురించి ముచ్చటించుకొనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని తీరప్రాంతంలో భూగర్భజలాన్ని అతిగా తోడితే ఉప్పునీరు లోపలికి చొచ్చుకొని వస్తుంది. అనంతపురంలో అతిగా తోడితే బోరు ఎండిపోతుంది. రెండు చోట్లా పొరపాటు ఒక్కటే: చేరినదానికంటె ఎక్కువ వాడుకొనడం.

మన దేశపు సాగుభూమిలో దాదాపు సగం నేటికీ వర్షాధారమే. వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం సీమలో ఏటా కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కొర్ర, జొన్న, కంది కలిసి పండిన ఆ ఎర్రనేలల్లో క్రమంగా వేరుశనగే ప్రధానమైనది. పంట ఒక్కటే అయినప్పుడు ఆశా ఒక్కటే అవుతుంది. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే రైతుకు మిగిలేది అప్పు. ఆ అప్పు తీర్చడానికి మరొక బోరు, దానికోసం మరొక అప్పు. బోరు ఒకరిదే కావచ్చు. దాని అడుగున ఉన్న నీరు మాత్రం ఊరందరిది.

ఈ సత్యం మన పూర్వులకు తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు పూర్తి చేయించాడు. రెండేళ్లపాటు రోజుకు వేయిమంది అక్కడ పనిచేశారని శాసనం చెబుతున్నది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో లెక్కించబడినవి. నీరు కొద్దిగా ఉండి, తడపవలసిన నేల విస్తారంగా ఉండడం ఒక దోషం. చవుడు నేల మరొకటి. రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం ఇంకొకటి!

నేడు చేయవలసినదీ ఆ లెక్కే. పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ వంటి సంస్థలు మెట్టపంటలపై పరిశోధనలు సాగిస్తున్నవి. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకృతి వ్యవసాయాన్ని చేపట్టినది. వానకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతి అందులో ఒకటి. భారతదేశం ప్రతిపాదించగా 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచం జరుపుకొన్నది. కాని కొర్ర పండించినవానికి గిట్టుబాటు ధర లేకపోతే ఆ ఉత్సవం కంచంలోకి రాదు.

పూడిక తీసిన చెరువు, పొలంలో సేద్యపు కుంట, నీటిని బట్టి పంట: ఈ మూడూ గ్రామం ఒక్కమాట మీద నిలిచినప్పుడే సాధ్యం. ఆయి తన ఇంటినే వదులుకొన్నదని కథ. నేటి రైతును ఇల్లు వదులుకొమ్మని ఎవరూ అడగరాదు. అతడు ఒంటరిగా మోస్తున్న వాన భయాన్ని పదిమందీ పంచుకొంటే చాలును.