ఆయాసానికీ కార్జానికీ ఏమి సంబంధం?

(సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఊపిరి జబ్బులు మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లోనే క్షయ ఆసుపత్రి వెలిసింది. ఈ రోజు మేము చెప్పేది క్షయ గురించి కాదు. ఉబ్బసం గురించి, దాంతోపాటు కార్జానికి కొవ్వు పట్టడం, అంటే ఫ్యాటీ లివర్ గురించి.

"కార్జం జబ్బు తాగేవాళ్లకు కదా, మనకెందుకు?" అంటాం. చుక్క ముట్టని ఆడవాళ్లకూ ఇది వస్తుంది. నడుము చుట్టూ కొవ్వు, షుగర్ ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ. మొదట్లో నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు. పొట్ట స్కానింగ్‌లో బయటపడుతుంది. 2021లో కేంద్ర ప్రభుత్వం దీన్ని కూడా షుగర్, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిసి కనబడడం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. అట్లని ఒకటి ఉన్న ప్రతివాళ్లకూ రెండోది వస్తుందని కాదు. పొట్టలో కొవ్వు పెరిగితే ఒంట్లో లోలోపల వాపు మొదలవుతుంది. అది కార్జాన్నీ, గాలి గొట్టాలనూ తాకుతుంది. ఆయాసమని నడక మానేస్తాం, నడక మానితే బరువు ఇంకా పెరుగుతుంది.

ఇంకొక సంగతి. ఆయాసం వచ్చినప్పుడల్లా చీటీ లేకుండా అంగట్లో స్టెరాయిడ్ మాత్రలు కొని మింగొద్దు. అప్పటికి హాయిగానే ఉంటుంది. పదేపదే మింగితే ఆకలి, బరువు, షుగర్ పెరుగుతాయి, కార్జానికి కొవ్వు చేరుతుంది. డాక్టరు రాసిన మాత్రలైతే సొంతంగా ఆపొద్దు. పీల్చే మందు నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది కాబట్టి తక్కువ మోతాదు చాలు. అలవాటైపోతుందనో, పెళ్లి కావలసిన పిల్ల నలుగురిలో పీలిస్తే ఏమనుకుంటారనో మానిపించొద్దు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

టేపుతో నడుము కొలుచుకోండి. 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. 70 కిలోల మనిషి 5 నుంచి 7 కిలోలు తగ్గితే కార్జంలో కొవ్వు బాగా దిగుతుంది, ఊపిరీ తేలికపడుతుంది. సంగటి మానాల్సిన పనిలేదు. ముద్ద చిన్నది చేసి ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకోండి. చక్కెర టీలు, కూల్ డ్రింకులు, బజ్జీలు తగ్గించండి. 1999లో దీపం పథకంతో మన డ్వాక్రా ఇండ్లకు గ్యాస్ వచ్చింది. అయినా చాలా ఇండ్లలో నీళ్లు కాచేది కట్టెల పొయ్యి మీదే. ఆ పొగ ఉబ్బసం వాళ్లకు పడదు.

ఉబ్బసం ఉండి నడుము పెరిగినవాళ్లు డాక్టరుకు రెండూ కలిపి చెప్పండి. 30 ఏళ్లు దాటితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

చివరిగా ఒక విన్నపం. ఆవుకు, పిల్లోళ్ల ఫీజుకు సంఘంలో అప్పు ఇస్తున్నాం. పీల్చే మందుకని ఒక అక్క అడిగితే కూడా "ఇది అప్పు ఇచ్చే పనా?" అనకుండా ఇద్దాం. నెలనెలా మందుకు అయ్యేది తక్కువ. అర్ధరాత్రి ఆటో కట్టించుకుని ఆసుపత్రికి పరిగెత్తితే అయ్యేది ఎక్కువ. ఆ లెక్క మన పొదుపు అక్కలకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు.