నినాదములు



నినాదమనగా నిఘంటువులలో ధ్వని యని యర్థము. మేఘము చేయునదియు నినాదమే, భేరి చేయునదియు నినాదమే. అట్టి మాట మన స్వాతంత్ర్యోద్యమమున రెండు మూడు పదములలో నిమిడిన ప్రతిజ్ఞకు పేరయ్యెను. ఆ ప్రతిజ్ఞలను వ్యాకరణదృష్టితో కొంచెము పరిశీలింతము.

‘వందేమాతరం’ అను దానిలో ‘వందే’ యనునది ఉత్తమపురుషైకవచనము. ‘నేను నమస్కరించుచున్నాను’ అని యర్థము. పదివేలమంది యొక్కగొంతుతో పలికినను క్రియ బహువచనము కాదు. ఎవని నమస్కారము వానిదే. గుంపులో దాగుటకు చోటు లేదు. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు విచ్చేసినపుడు వారి యుపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనిగించిరి. పిమ్మట నీ మాట గల పతకములు ధరించిన విద్యార్థులను అధికారులు కళాశాలనుండి వెడలగొట్టిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును ఆ యుద్యమమున చదువు కోల్పోయినవారే. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతరగీతమును నిషేధింపగా, పాడుట మానని విద్యార్థులు బహిష్కృతులై, పలువురు నాగపురమున చదువు సాగించిరి. చెరసాలలో కొరడా దెబ్బలు తినుచు నీ మాటనే పలికిన రామచంద్రరావుగారికి అదియే యింటిపేరయ్యెను.

‘ఇంక్విలాబ్ జిందాబాద్’ అనునది ఆశీరర్థకము. విప్లవము చిరకాలము జీవించుగాక యని భావము. దీనిని 1921లో మౌలానా హస్రత్ మొహానీగారు వ్యాప్తికి తెచ్చిరి. 1929 ఏప్రిలు 8వ తేదీన ఢిల్లీ కేంద్రశాసనసభలో భగత్ సింగ్, బటుకేశ్వరదత్తులు దీనిని ఎలుగెత్తి పలికిరి. విప్లవము జీవించుగాక యని దీవించిన భగత్ సింగ్, తన ప్రాణమును మాత్రము 1931 మార్చి 23వ తేదీన ఉరికంబమున కర్పించెను.

ఇక 1928 నాటి ‘సైమన్ గో బ్యాక్’, 1942 నాటి ‘క్విట్ ఇండియా’ యను రెండును ఎదుటివానికి చేసిన యాజ్ఞలు. ఈ రెంటిని కల్పించినవారు యూసఫ్ మెహరల్లీగారని ప్రసిద్ధి. అయితే 1942 ఆగస్టు 8వ తేదీన బొంబాయిలో గాంధీమహాత్ముడు ఆ యాజ్ఞకు తోడుగా ‘కరేంగే యా మరేంగే’ యను మంత్రము నుపదేశించెను. సాధింతుము, లేదా మరణింతుము! ఇది మరల ఉత్తమపురుషమే. కాని యిపుడు బహువచనము. పరులను పొమ్మనిన నోటితోనే తమకు తాము విధించుకొనిన వ్రతమిది.

కావున ఏ నినాదము వినబడినను అందలి క్రియకు కర్త యెవ్వరో విచారింపుడు. భారమంతయు పరులపై మోపి, పలుకువాడు తానేమియు మోయనిచో, ఆ నినాదము మరల నిఘంటువులోని యర్థమునకే చేరును. వట్టి ధ్వనియై గాలిలో కలసిపోవును.