తోడేలుకుక్కలు – చట్టము



మాది ఈపూరు. పల్నాటిసీమలో గొఱ్ఱెల మంద లేని ఊరు అరుదు; మందలున్నచోట తోడేలు మాటయు నుండును. ఈ నడుమ మా ప్రాంతపు కాపరులు కొందఱు నన్నొక ప్రశ్న అడిగినారు. తోడేలునకు కుక్కకు పుట్టిన పిల్ల కాపలాకు దిట్టమట; దానిని పెంచుకొనుటకు లైసెన్సు ఎవరియొద్ద దొరకును? పట్టణములందు అట్టి వానిని పెద్ద సొమ్ము పోసి కొనుచున్నారని సెల్‌ఫోనులలో చూచి పడుచువారును ముచ్చటపడుచున్నారు. కావున ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో మనవి చేసెదను.

తోడేలును కుక్కయు దగ్గర చుట్టములు. రెండింటికిని కణమునకు 78 క్రోమోసోములే. అందుచే వీని సంతానము కంచరగాడిదవలె గొడ్డుపోదు, మరల ఈనును. 1955లో చెకోస్లవేకియా దేశమున జర్మన్ షెపర్డు కుక్కలను కార్పేతియన్ కొండల తోడేళ్లతో కలుపుట మొదలిడి, పలుతరములు ఏరి పెంచి ఒక జాతిని తీసిరి. గుట్టనుండి తెచ్చిన పిల్లతో మన దొడ్డిలో పుట్టునది అట్టిది కాదు. దాని స్వభావము ఎటు తిరుగునో ఎవరును ముందుగా చెప్పజాలరు. ఒకనాడు గొఱ్ఱెను కాచునది, మఱునాడు గొఱ్ఱెనే పట్టవచ్చును.

ఇక చట్టము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున తోడేలు మొదటి షెడ్యూలులో నున్నది. పెద్దపులియు నందే యున్నది. తోడేలును చంపరాదు, విషము పెట్టరాదు, ఉచ్చు పన్నరాదు. పెంచుకొందమని పట్టుటయు చట్టము దృష్టిలో వేటయే. శిక్ష 3 ఏండ్లకు తగ్గక 7 ఏండ్ల వరకు ఖైదు. దానితోపాటు 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. మునుపు 10,000 ఉండెడిది, 2022 నాటి సవరణచే పెరిగినది. మనుష్యుని ప్రాణము మీదికి వచ్చినపుడు సద్బుద్ధితో ఆత్మరక్షణకై కొట్టిన నేరము కాదు. గొఱ్ఱెలు పోయినవన్న కోపముతో చంపిన నేరమే. సామాన్య గృహస్థుడు లైసెన్సు తీసికొని అడవి తోడేలును తెచ్చి పెంచుకొను మార్గము ఈ చట్టమున లేనే లేదు. కావున కాపరుల ప్రశ్నకు జవాబు ఇంతే: అట్టి లైసెన్సు ఇప్పింతునని ఎవడైన సొమ్ము అడిగిన, వాడు మోసగాడు.

అయితే పిల్ల మాట వేఱు. బొరియ త్రవ్వి తెచ్చుట యొకటి, ఒంటరిగా మూలుగుచున్న దానిని చూచి జాలితో గొంగడిలో చుట్టి తెచ్చుట యొకటి. తల్లి మేతకై పోయి యుండవచ్చును గనుక, మొదట దానిని ఉన్నచోటనే విడిచి వచ్చుట మంచిది. తెచ్చియే యున్నచో వినుడు: అది సర్కారు సొత్తు. చేతికి వచ్చిన 48 గంటలలోపల దగ్గరి పోలీసు స్టేషనులో గాని, అధికారము గల అటవీశాఖ ఉద్యోగికి గాని తెలుపవలెను, అడిగినపుడు అప్పగింపవలెను. మనవారు భయపడి దాచుదురు. జాలితో చేసిన పనిని నేరముగా చూపుటకు ఆ దాచుటయే ఆధారమగును. చదువురాని కాపరికి ఈ గడువు సంగతి ఊరి పెద్దలు గాక ఎవరు చెప్పుదురు?

ఈ చట్టమున తోడేలుకుక్క అను పేరు లేదు గదా యని వాదించువారు కలరు. నిజమే, పేరు లేదు. కాని ఆ పిల్లకు తల్లియో తండ్రియో తోడేలై యుండవలెను. అది నీకెట్లు చిక్కినదని అధికారి అడుగక మానడు. అందుచే నా తలపున ఆ వాదముపై ఆశ పెట్టుకొనరాదు.

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధకశాఖవారు 23 జాతుల కుక్కలు ప్రమాదకరములని, వానికి లైసెన్సులు ఈయవలదని, అమ్మకము ఆపుడని రాష్ట్రములకు వ్రాసిరి. ఆ పట్టికలో తోడేలుకుక్కలును గలవు. సంబంధించినవారి మాట వినక చేసిరని కర్ణాటక హైకోర్టు ఏప్రిలులో ఆ ఉత్తరువును కొట్టివేసినది. దానిని చూపి బెదరించువారిని నమ్మవలదు. అది పోయెను గనుక అడవి తోడేలును తేవచ్చుననువారిని అసలే నమ్మవలదు.

పట్టణమున విదేశీ జాతి కుక్కను కొనువారు, 2017 నాటి నియమముల ప్రకారము పెంపకందారునకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు ఉన్నదా యని అడిగి, రసీదు తీసికొనవలెను. కోట్ల రూపాయల తోడేలుకుక్కయని 2025లో బెంగుళూరున పుట్టిన ప్రచారము విచారణలో వట్టిదని తేలినట్లు పత్రికలలో చదివితిమి గదా.

కాటు మాటయు చెప్పవలెను. పెంపుడు జంతువువలన ఇతరులకు హాని కలుగకుండ తగు జాగ్రత్త పడనివానికి, భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను క్రింద 6 నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. కుక్కల పిచ్చికి మనము వేయించు టీకా ఈ సంకరజంతువులలో పనిచేయునని ధ్రువపడలేదు. అమెరికాలో వీనికొఱకు అనుమతి పొందిన టీకా లేదు. బిడ్డలున్న ఇంట ఈ సంగతి తలపున నుండవలెను.

తోడేలునకు కలుగు నష్టమును తక్కువది కాదు. దేశమందంతట సుమారు మూడువేలు మాత్రమే మిగిలినవని అంచనా. పూనా దాపున బీళ్లలో తోడేళ్లు ఊరకుక్కలతో కలిసినట్లు జన్యుపరీక్షలో తేలిన సంగతి 2023లో ప్రకటింపబడినది. ఊరకుక్కలు లెక్కకు మిక్కిలి; తోడేళ్లు కొలదిగా నున్నవి. అట్లే కలియుచు పోయిన కొన్ని తరములకు తోడేలు రూపు మాత్రమే మిగులును. మనము పనిగట్టుకొని కలుపుట ఆ పనిని త్వరపెట్టుటయే.

మీ ఊర ఎవరి దొడ్డిలోనైన అట్టి పిల్ల యున్నచో, అది దొరికిన తావు, దినము, వేళ, తెచ్చినవాని పేరు ఒక కాగితముపై వ్రాయించి, ఇద్దఱు సాక్షులచే వ్రాలు చేయించి, కాపరి వెంట మీరును స్టేషనునకు పోవుడు. ఇచ్చిన కాగితమునకు నకలుపై ముద్ర వేయించుకొని కాపరి చేతికే యిండు.