ఇంటినే బడి చేసిన పంతులుగారు



పర్లాకిమిడిలో చిరకాలము ఉపాధ్యాయులై, 1911లో ఉద్యోగమునుండి విరమించిన గిడుగు రామమూర్తి పంతులుగారిని నేడు స్మరింతము. తెలుగెఱిగిన సవర నొకని ఇంట నుంచుకొని వారా భాష నేర్చిరి. సవర బాలురకు తమ యింటనే బస యిచ్చిరి. స్వధనముతో బడులు పెట్టి, వారి భాషలోనే చదువు చెప్పించిరి. కుమారులు సీతాపతిగారును ఆ కృషిలో తోడైరి. 1931లో సవరభాషా వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. 1940లో పంతులుగారు కీర్తిశేషులైరి.

పర్లాకిమిడి యెక్కడ, ఉప్పుగూడ యెక్కడ యందురేమో! మన పేటలో తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినవచ్చును. అయినను పొరుగుబిడ్డ పలుకు మనకెంత తెలియును? విశ్రాంత ఉపాధ్యాయులారా! బడి మానిన బిడ్డకు సాయంకాల మొక గంట మీ యింట చోటిండు. పంతులుగారికి తగిన నివాళి అదియే.