గల్ఫ్ ఇంటి గడప లోపల: లీలా గులాటీ పరిశోధన మనకు చెప్పేది



సాయం ఎవరికి అందాలని మనం ఏటా చర్చించుకుంటాం. "వాళ్లాయన దుబాయిలో ఉన్నాడు, వాళ్లకేం తక్కువ?" అనే మాట అప్పుడు తప్పక వినిపిస్తుంది. ఆ మాటలో నిజమెంతో ఇళ్లకు వెళ్లి చూసిన ఒక పరిశోధకురాలిని ఈ సభలో తలచుకుందాం.

లీలా గులాటీ తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో పనిచేసిన ఆర్థికవేత్త. పేదరికాన్ని ఆమె పట్టికలకే వదిలేయలేదు. 1981లో వెలువడిన ఆమె పుస్తకంలో కేరళకు చెందిన ఐదుగురు శ్రామిక స్త్రీల జీవితాలున్నాయి. పొలం కూలీ, ఇటుకల కూలీ, భవన నిర్మాణ కూలీ, చేపలమ్మే ఆమె, కొబ్బరిపీచు పనిచేసే ఆమె. కుటుంబ ఆదాయమంటే మగవాడి సంపాదనే అనుకునే లెక్కలకు ఈ జీవితాలు అందవు.

ఆ తర్వాత గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లను పరిశీలించి, 1993లో 'ఇన్ ది ఆబ్సెన్స్ ఆఫ్ దెయిర్ మెన్' అనే గ్రంథం వెలువరించారు. వీసా కోసం నగలు తాకట్టు పడతాయి, అప్పులవుతాయి. పంపిన డబ్బు ముందుగా ఆ అప్పుకే పోతుంది. కొందరు స్త్రీలు బ్యాంకుకు వెళ్లడం, ఇల్లు కట్టించడం, పిల్లల చదువు చూసుకోవడం నేర్చుకుని ధైర్యం తెచ్చుకున్నారు. డబ్బు చేతికి రాక, అత్తింట ఒంటరిగా, దిగులుతో గడిపినవారూ ఉన్నారు. ఒకే గల్ఫ్, ఇంటింటికీ వేరే కథ.

ఇది కేరళ సంగతే కాదు. హైదరాబాద్ పాతబస్తీ, నిజామాబాద్, కరీంనగర్, కడప ఇళ్లలోనూ ఇదే బతుకు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే స్త్రీలూ ఉన్నారు. వారి పిల్లలను అమ్మమ్మలో నానమ్మలో సాకుతుంటారు.

కనుక దాతలకు మా మనవి ఒక్కటే. గల్ఫ్ ఇంటి నుంచి దరఖాస్తు వస్తే మూడు ప్రశ్నలు అడుగుదాం. వీసా అప్పు ఇంకెంత ఉంది? వచ్చే డబ్బు ఎవరి చేతికి వస్తోంది? పిల్లలను ఎవరు చూస్తున్నారు? ఈ జవాబులు విన్నాకే జకాత్, వజీఫాల జాబితా రాసుకుందాం. అడగడానికి ఇంటికి వెళ్లేవారిలో మన సోదరీమణులూ ఉండాలి. కొన్ని మాటలు ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పుకుంటారు.